పైన పసుపు కుంకుమ... అడుగున తుప్పు!

బండి కొన్న రోజు హడావిడి అంతా ఇంతా కాదు. షోరూం నుంచి నేరుగా గుడికే. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి ఎర్రదారం... ఆ తర్వాత కూడా ఆదివారం వచ్చిందంటే చాలు, పిల్లలు బకెట్టూ, స్పాంజీ పట్టుకుని తయారు. అద్దాలు తళతళ, తలుపులు మిలమిల. మరి అడుగు భాగం? పదేళ్లయినా, పదిహేనేళ్లయినా దానికేసి వంగి చూసిన పాపాన పోం. షెడ్డులో బండిని పైకెత్తినప్పుడు కూడా మనం బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటాం.

పాత బండికి ఆయువు తీరేది చాలాసార్లు అక్కడే. ఇంజను పాడైతే బోరు చేయించుకోవచ్చు, టైర్లు అరిగితే మార్చుకోవచ్చు. కానీ ఛాసిస్ పెళుసుబారి, ఫ్లోరు రేకు జల్లెడైపోతే ఇక ఆ బండిని పాత ఇనుప సామాన్ల కొట్టుకి తూకానికి వేయాల్సిందే.

‘ఇదంతా మగవాళ్ల వ్యవహారం కదా, మనకెందుకు’ అనుకోకండి. సంఘంలో అప్పు తీసుకుని కొన్న ట్రాలీ ఆటోకి నెలనెలా వాయిదా కట్టేది చాలా ఇళ్లలో ఇల్లాలే. పొద్దున్నే పిల్లల్ని స్కూలు వ్యాన్ ఎక్కించి టాటా చెప్పేదీ ఆమే. ఆ వ్యాన్ అడుగున ఏముందో తెలుసుకోవాల్సిన అవసరం ఆమెకి కాక ఎవరికి?

ఒక్క కన్నం చాలు

2012 జులైలో చెన్నై శివారు తాంబరం దగ్గర జరిగిన ఘోరం చాలామంది తల్లులకి గుర్తుండే ఉంటుంది. స్కూలు బస్సు ఫ్లోరులో ఉన్న కన్నంలోంచి ఒక చిన్నారి రోడ్డు మీద పడి, అదే బస్సు చక్రం కింద ప్రాణం పోగొట్టుకుంది. మద్రాసు హైకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. తమిళనాడు ప్రభుత్వం స్కూలు బస్సులకంటూ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆ బస్సు కూడా అంతకు ముందు రోజు వరకు రోడ్డు మీద తిరిగిన బస్సే. బయటి నుంచి చూస్తే మిగతా బస్సుల్లాగే ఉండేది.

అంత పెద్ద కన్నమే పడనక్కర్లేదు. సైలెన్సర్ గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడి, పైన ఫ్లోరులోనూ చిన్న చిల్లులుంటే పొగ లోపలికి వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. వ్యాన్‌లో వచ్చిన పిల్లలు రోజూ ‘తల నొప్పిగా ఉందమ్మా, వాంతి వచ్చేలా ఉంది’ అంటుంటే ఎండ దెబ్బో, టిఫిన్ పడలేదో అనుకుని ఊరుకోకూడదు. బ్రేకు నూనె వెళ్లే సన్నటి ఉక్కు గొట్టాలు కూడా అడుగునే ఉంటాయి. అవి తుప్పు తిని ఒకనాడు బ్రేకు గట్టిగా తొక్కినప్పుడే పగులుతాయి. మామూలుగా వెళుతున్నప్పుడు పగిలితే బాగుండును గానీ, అలా జరగదు.

దోసె పెనం చెప్పే పాఠం

తుప్పు సంగతి మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుప పెనాన్ని కడిగి తడిమీద బోర్లిస్తే తెల్లారేసరికి ఎర్రగా అవుతుంది. అదే కడిగి, తుడిచి, పొయ్యి మీద ఒక నిమిషం పెట్టి, చుక్క నూనె రాసి పెడితే నెలయినా ఏమీ కాదు. కోత అయ్యాక కొడవళ్లకి ఆముదం రాసి చూరులో దోపే అత్తగార్లకీ ఈ శాస్త్రం తెలుసు. ఇనుముకి నీరు, గాలి రెండూ కలిసి తగిలితేనే తుప్పు. ఏదో ఒకటి ఆపితే చాలు. గాలిలో తేమ 60 శాతం దాటితే దాని జోరు పెరుగుతుంది. నీళ్లలో ఉప్పు ఉంటే మరీ పెరుగుతుంది.

ఇంకో విషయం. తుప్పుగా మారిన ఇనుము మొదట ఉన్నదానికి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు కింద తుప్పు పుడితే పైన అప్పడంలా పొంగుతుంది. పైన చిన్న బొబ్బ కనబడిందంటే లోపల అంతకంటే ఎక్కువే తిన్నదని లెక్క.

జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద నగిషీలు చెక్కుతారు కదా. ఆ ఇత్తడికి చిలుం పడుతుంది, చింతపండు పెట్టి తోమితే పోతుంది. చిలుం చాలావరకు పైపొరలోనే ఆగుతుంది. తుప్పు అలా ఆగదు. పొర రాలిపోతుంది, కింది ఇనుము మళ్లీ గాలికి బయటపడుతుంది, మళ్లీ తింటుంది. రేకు కాగితమంత పలచబడేదాకా దానికి విరామం లేదు.

మాకు సముద్రం లేదుగా?

అమెరికాలో ఉన్న మన పిల్లలు మిషిగన్, ఒహాయో నుంచి ఫోన్ చేసినప్పుడు అంటుంటారు... చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారనీ, కారు అడుగు కడిగించకపోతే కొన్నేళ్లకే రేకు ఊడిపోతుందనీ. మన దగ్గరైతే విశాఖ, కాకినాడ వాళ్లకి సముద్రపు గాలి బాధ. ఓరుగల్లు వైపు అటు మంచూ లేదు, ఇటు సముద్రమూ లేదు. ‘మనకేం తుప్పు’ అనే ధీమా అక్కడి నుంచే వచ్చింది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలనే తీసుకోండి. మూడు చోట్లా తుప్పు వస్తుంది, కాకపోతే మూడు దారుల్లో.

జనగామది మెట్ట ప్రాంతం. వాన తక్కువే. కానీ ట్రాలీ ఆటోలో ఇవాళ ఎరువు బస్తాలు, రేపు పెంట, ఎల్లుండి ఉప్పు బస్తాలు వేస్తారు. పొటాష్ అంటే రసాయనపరంగా అదీ ఉప్పు జాతిదే, క్లోరైడు. బస్తా చిరిగి ఒలికిన గుప్పెడు పొటాష్ రేకుల సందులో చేరి, రాత్రి మంచుకి చెమ్మగిల్లితే సముద్రపు గాలి చేసే పనే చేస్తుంది. నమ్మకం కలగకపోతే మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో పొడి మేకు, ఒకదాంట్లో మామూలు నీళ్లలో మేకు, మూడోదాంట్లో కాస్త పొటాష్ కలిపిన నీళ్లలో మేకు. వారంలో పిల్లలే తేడా చెబుతారు.

మహబూబాబాద్‌ది బురద గోల. నాట్ల కాలంలో దమ్ము చేసిన మడుల పక్క దారుల్లో తిరిగిన బండికి చక్రాల పైన, మడ్‌గార్డు లోపల బురద పిడకలా అంటుకుంటుంది. పైకి ఎండినట్లు కనిపిస్తుంది గానీ లోపల రోజుల తరబడి తడి. గాయానికి తడిగుడ్డ చుట్టి వదిలేసినట్టే. వానలో తడిసి వెంటనే ఆరిన రేకు కన్నా, బురద పట్టు కింద నానుతున్న రేకే తొందరగా పోతుంది.

ఇక వరద వస్తే చెప్పేదేముంది? 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మరిపెడ మండలంలో సీతారాంతండా నీట మునిగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. అంతకు ముందు ఏడాది, 2023 జులై 27న మోరంచవాగు భూపాలపల్లి మండలం మోరంచపల్లిని ముంచేసింది. ఆ 24 గంటల్లోనే అదే జిల్లాలోని చిట్యాలలో 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వరదలో మునిగిన బండికి అందరూ చూసేది ఇంజను, సెల్ఫు, వైరింగు. అవి తిరిగితే చాలు, బండి బతికిందంటారు. కానీ ఛాసిస్ గొట్టాల్లోకి, తలుపుల గడపల్లోకి, సీటు కింది స్పాంజీలోకి చేరిన ఒండ్రు అక్కడే ఉండిపోతుంది. మునిగిన రెండు, మూడేళ్లకి ‘ఉన్నట్టుండి తుప్పు పట్టింది’ అంటాం. ఉన్నట్టుండి కాదు, ఆ రాత్రే మొదలైంది.

వరద నీరు తగిలిన బండికి సీట్లు, కార్పెట్లు, మ్యాట్లు అన్నీ ఊడదీయించాలి. మంచినీళ్లతో లోపలి బురదంతా కడిగించి, తలుపులన్నీ బార్లా తెరిచి ఎండలో పెట్టాలి. తడిసిన బొంతలు దండెం మీద వేసి రెండువైపులా తిప్పి ఎండబెడతామే, అంత ఓపిక దీనికీ కావాలి. కార్పెట్ కింది స్పాంజీ ఆరనే లేదంటే పారేయడమే మేలు.

భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు లారీలు తిరిగే దారిలో ఇంటి గడపకే నల్లటి దుమ్ము పడుతుంది, బండిని వదులుతుందా? ఆ పొడి, బూడిద మెత్తగా సందుల్లో చేరి తేమని పట్టుకుని కూర్చుంటాయి. బొగ్గులో ఉండే కాస్తంత గంధకం, లవణాలు కూడా తడితో కలుస్తాయి. ఎండాకాలం ఏం కాదు. తొలకరి జల్లుకి ఆ దుమ్ము నల్లటి ముద్దగా మారినప్పుడే అసలు బాధ. అందుకే అటువైపు వాళ్లు మొదటి వాన పడ్డాక ఒకసారి అడుగు భాగం కడిగించడం మరిచిపోకూడదు.

నల్లరంగు మాయ

సరే, తుప్పు కనబడింది. షెడ్డుకి వెళ్లాం. "ఏం గాదక్కా, కింద మొత్తం నల్లకోటింగ్ కొట్టిస్త, కొత్తదాని లెక్క ఉంటది" అంటారు. గంటలో పని అయిపోతుంది. కిందికి వంగి చూస్తే నిజంగానే కొత్తదిలా ఉంటుంది. మనకీ తృప్తి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. తుప్పు మీద, బురద మీద, తడి మీద కోటింగ్ కొట్టించడం కంటే అసలు కొట్టించకపోవడమే నయం! తారుతో చేసిన ఆ మందపాటి పొర కింద తేమ చిక్కుకుపోతుంది. బయటికి పోయే దారి లేక అక్కడే ఇనుముని తింటూ కూర్చుంటుంది. మునుపైతే ఎర్రగా కనిపించి హెచ్చరించేది, ఇప్పుడు ఆ హెచ్చరికా ఉండదు. కన్నానికి పుట్టీ నింపి, పైన నలుపు పూసి అమ్మే పాత బండ్లూ ఉంటాయి. సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొనేటప్పుడు అడుగంతా మరీ కొత్తగా, నిగనిగలాడుతూ ఉంటే సంతోషించకండి, అనుమానించండి. ఒక అయస్కాంతం ముక్క తీసుకెళితే ఇంకా మంచిది. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది.

ఇంకొకటి, వాడేసిన ఇంజిన్ ఆయిల్. ఖర్చు లేదు కదా అని చాలాచోట్ల అడుగంతా పూస్తారు. బండి ఇరుసుకి కందెన వేసిన అలవాటు మనది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అనే సామెత ఊరికే పుట్టలేదు. కానీ కందెన వేరు, కాలిన ఆయిల్ వేరు. కాలిన ఆయిల్‌లో ఆమ్లాలు, నీటి తేమ ఉంటాయి, అవే ఇనుముకి మంచివి కావు. రబ్బరు బుష్‌లని ఉబ్బేలా చేస్తుంది, బ్రేకు మీద పడితే బ్రేకే పట్టదు. వాకిట్లో చుక్కలు చుక్కలుగా కారి నేలలోకి ఇంకుతుంది. అందులో క్యాన్సర్ కారకాలు కూడా ఉంటాయి. పిల్లలాడే చోట అదెందుకు మనకి?

పని ఎలా చేయించాలి?

ముహూర్తం ముందు చెబుతాను. రోహిణి కార్తె! రోళ్లు పగిలే ఎండలంటాం కదా, ఆ ఎండని వాడుకోవాలి. మృగశిర చినుకులు పడేలోగా పని అయిపోవాలి. కోటింగ్ కంటే ముందు కావాల్సింది ఆరడం. దానికి రోహిణిని మించిన మిషను లేదు.

వాటర్ సర్వీసింగ్‌లో బండిని ర్యాంపు ఎక్కించి కింద నుంచి గట్టిగా నీళ్లు కొట్టించండి. ముఖ్యంగా చక్రాల పైభాగం, కమాన్ పట్టీల దగ్గర, పెట్రోలు ట్యాంకు అంచులు. తర్వాత కనీసం ఒకటి, రెండు రోజులు ఎండనివ్వాలి. ఈ రెండు రోజులు ఇవ్వడానికే ఎవరికీ మనసొప్పదు. కిరాయి పోతుందంటారు. రోజు కిరాయికి చూసుకుని తడి మీద కోటింగ్ వేయిస్తే ఏడాది తిరక్కుండా రెండో ఖర్చు.

ఆరాక వైరు బ్రష్షుతో, ఎమరీ పేపర్‌తో తుప్పుని గీకాలి. పొరలు పొరలుగా లేచేది లేచినంతా రాలిపోవాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూస్తే రేకు సంగతి తెలుస్తుంది. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బద్దగా పలుకుతుంది. మట్టికుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసే వాళ్లకి ఈ తేడా నేర్పక్కర్లేదు. వేలితో నొక్కితే లోపలికి దిగే చోట రంగులూ, పుట్టీలూ పనికిరావు. ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు దించారా లేదా అని అడగడానికి మొహమాటపడొద్దు. వెల్డింగ్ వేడికి రేకు రెండోవైపు రంగు కూడా కాలిపోతుంది కాబట్టి అటువైపూ మళ్లీ ప్రైమర్ పడాలి.

గీకినా సందుల్లో మిగిలే పలచటి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ అనే ద్రవం దొరుకుతుంది. రాస్తే ఎర్ర తుప్పు నల్లబడి గట్టి పొరగా మారుతుంది. ఇందులో విచిత్రమేమీ లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఎలా వస్తుందో తెలుసా? ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి, ఆ నీటితో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చిక్కటి నలుపు. టానిక్ ఆమ్లంతో చేసే కన్వర్టర్లలో జరిగేదీ ఇదే. కొన్నిట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పవు.

దాని మీద ప్రైమర్. మన ఇంటి గేటుకీ, కిటికీ గ్రిల్స్‌కీ వేసే రెడ్ ఆక్సైడ్ అయినా సరే, జింకు కలిపిన ప్రైమర్ అయితే ఇంకా మంచిది. అది ఆరాక రంగు, ఆపైన కోటింగ్. తారు, రబ్బరు రకాలు రాళ్ల దెబ్బకి బాగా ఆగుతాయి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తాయి, పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. మైనం రకం, గొర్రెబొచ్చు నుంచి తీసే లానోలిన్ రకం మెత్తగా ఉండి సందుల్లోకి పాకుతాయి. కాకపోతే ఏటేటా మళ్లీ వేయాలి. కొత్త బండికైతే మొదటిది సరే. పదేళ్లు దాటిన బండికి మాత్రం రెండోదే నా ఓటు. మందంగా ఒకసారి వేయించి మరిచిపోవడం కన్నా పలచగా వేయించి ఏడాదికోసారి చూసుకోవడం మంచిది. చూడటం అనే పని దానివల్లే జరుగుతుంది మరి!

బ్రేకు డ్రమ్ములు, డిస్కులు, రబ్బరు గొట్టాలు, సైలెన్సర్, తిరిగే షాఫ్టు జాయింట్లు... వీటి మీద కోటింగ్ పడకూడదు. సైలెన్సర్ మీద పడితే కాలి పొగ, ఒక్కోసారి మంటే. ముందే పేపర్లు చుట్టి టేపు అంటించమని చెప్పండి.

మీరే చూడాలనుకుంటే ఒక్క మాట. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టొద్దు. స్టాండ్లు వేస్తే తప్ప ఎవర్నీ పెట్టనివ్వొద్దు.

పైసా ఖర్చు లేని పని

తలుపుల అడుగంచున, గడపల కింద చిన్న చిన్న కన్నాలుంటాయి. కంపెనీ వాళ్లే పెట్టినవి, నీళ్లు కారిపోవడానికి. దుమ్ము, ఊక, ఆకులు చేరి అవి మూసుకుపోతే అద్దం మీద నుంచి జారిన వాన నీళ్లన్నీ తలుపులోనే నిలుస్తాయి. తలుపు వేసినప్పుడు లోపల గలగలమన్నదంటే అదే. వంటింటి సింకు జాలీ శుభ్రం చేసినట్టు, కొబ్బరి చీపురు పుల్లతో నెలకోసారి పొడిస్తే చాలు. కోటింగ్ వేసేటప్పుడు అవి మూసుకుపోయాయేమో కూడా చూడాలి.

బండిని గడ్డిలో, చెట్టు కింది తడి మట్టిలో నిలపడం మంచిది కాదు. నాలుగు బండలు పరిచినా మేలే. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది, గుడ్డ కవరే మేలు. ఎప్పుడూ కూరగాయల మార్కెట్ దాకా మాత్రమే తిరిగే బండికి సైలెన్సర్ లోపలి నుంచి తుప్పుపడుతుంది. ఇంజను పొగలోని నీటి ఆవిరి ఆరేంత వేడి రాదు కాబట్టి. వారానికోసారి పది, పదిహేను కిలోమీటర్లు తిప్పి తీసుకురావాలి.

రవాణా వాహనాలకి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ తప్పదు. సొంత కారుకి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్, ఆ తర్వాత అయిదేళ్లకోసారి. ఆ ఫీజు కూడా 2022 ఏప్రిల్‌లో కార్లకి 600 రూపాయల నుంచి 5000కి పెరిగింది. అంత డబ్బు కట్టే ముందు అసలు అడుగు నిలిచి ఉందో లేదో తట్టి చూసుకోవడం తెలివైన పని. కొత్తది కొనలేం కాబట్టే కదా పాతదాన్ని కాపాడుకునేది.

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. బండి కడిగి, బంతిపూల దండ వేసే ముందు మ్యాట్లన్నీ ఎత్తి, కింద వేలితో నొక్కి చూడండి. మిట్టమధ్యాహ్నం బండిని ఎండలో పెట్టి, తలుపులు మూసి లోపల కూర్చుని ఫ్లోరుకేసి చూస్తే సూదిమొన అంత చిల్లు కూడా చుక్కలా మెరుస్తుంది.

ఇక జూన్‌లో బళ్లు తెరిచేనాటికి మీ వీధిలోకి వచ్చే స్కూలు వ్యాన్ సంగతి. డ్రైవరన్నని పక్కకి పిలిచి, ‘అన్నా, ఒకసారి ఆ మ్యాట్ ఎత్తి చూపించరాదే’ అని అడగండి. మొదట నవ్వుతాడు. నవ్వనివ్వండి. మ్యాట్ ఎత్తేదాకా పాపని మాత్రం ఎక్కించకండి.